కోట గోడ మీద నెమలి: నేచర్ ఫొటో పోటీల్లో కెమెరా క్లబ్బులు ఎలా గెలిచాయి?

ఈ ఎపిసోడ్‌ ఒక చిన్న పజిల్‌తో మొదలుపెడదాం.

కొండపల్లి ఖిల్లా మీకు తెలుసు కదా. 14వ శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన కోట. ఆదివారం వస్తే చాలు, విజయవాడ నుంచి బైకులేసుకుని కుర్రాళ్ళంతా అక్కడే ఉంటారు. చుట్టూ అడవి. ఒక నెమలి వచ్చి ఆ కోట గోడ మీద వాలిందనుకోండి. వెనకాల ఎండ, పురి విప్పింది, మీ ఫోన్‌లో అద్భుతమైన ఫొటో పడింది. దాన్ని ఒక అంతర్జాతీయ పోటీలో 'నేచర్' కేటగిరీకి పంపారు. తీసుకుంటారా, తిప్పి పంపుతారా?

రెండో ప్రశ్న. అదే కొండపల్లిలో బొమ్మల కాలనీకి వెళ్ళి, ఏనుగు అంబారీ బొమ్మని చక్కటి లైటింగ్‌లో తీసి పంపారు. దాని సంగతి?

మూడోది. ఆ బొమ్మ చేసే కర్ర ఏ చెట్టుదో, ఆ తెల్లపొణికి చెట్టునే అడవిలో నిలబడి ఉండగా తీసి పంపారు. ఇప్పుడు?

జవాబులు చివర్లో చెప్తాను. ఎందుకంటే ఈ మూడు ప్రశ్నల వెనక నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది. కెమెరా క్లబ్బులు అనే చిన్న చిన్న గుంపులు, జేబులో డబ్బులు పెట్టుకుని, ఆదివారాలు పోగొట్టుకుని తయారుచేసిన చరిత్ర అది.

తుపాకీ దించి కెమెరా ఎత్తినవాళ్ళు

నేచర్ ఫొటోగ్రఫీ పుట్టింది వేటలోంచి. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ నిజం.

అమెరికాలో జార్జ్ షైరాస్ అని ఒకాయన ఉండేవాడు. వేటగాడు. అక్కడి ఓజిబ్వే తెగవాళ్ళు రాత్రిపూట పడవ ముందు దీపం పెట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఆ వెలుగుకి జింక కళ్ళు మెరిసి, కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు కొట్టేవాళ్ళు. షైరాస్ అదే పద్ధతి తీసుకుని, తుపాకీ ప్లేసులో కెమెరా పెట్టాడు. దీపంతో పాటు ఫ్లాష్ పౌడర్. అలా తీసిన రాత్రి ఫొటోలకి 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో గోల్డ్ మెడల్ వచ్చింది. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయనవి 74 ఫొటోలు ఒకే సంచికలో వేసింది.

ఇంగ్లండ్‌లో కీర్టన్ అన్నదమ్ములు ఇంకో రకం. 1892లో ఒక పక్షి గూడుని గుడ్లతో సహా ఫొటో తీశారు. పక్షికి అనుమానం రాకుండా దగ్గరికెళ్ళాలి కదా, ఎలా? ఒక ఎద్దు చర్మంతో బోలు ఎద్దు బొమ్మ చేయించి, దాని కడుపులో కెమెరాతో కూర్చున్నారు! ఇప్పుడు మనం 'హైడ్' అని పిలిచే దానికి తాత అదే.

మన దేశంలో ఎఫ్.డబ్ల్యు. ఛాంపియన్ అని ఒక ఫారెస్ట్ ఆఫీసర్. శివాలిక్ కొండల్లో పులి నడిచే దారికి అడ్డంగా సన్నటి తీగ కట్టేవాడు. పులి కాలు తగలగానే ఫ్లాష్ వెలిగి, దాని ఫొటో అదే పడేది. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. చారల్ని బట్టి ఏ పులి ఏదో గుర్తుపట్టొచ్చని ఆ ఫొటోలు చూపించాయి. జిమ్ కార్బెట్ కూడా ఈయన్ని చూసే కెమెరా పట్టాడు. ఇవాళ పులుల లెక్కింపులో వాడే కెమెరా ట్రాప్ ఉంది చూశారూ, దాని మూలం ఆ తీగే.

మన కడప జిల్లాలో కూడా ఇలాంటి కథే ఉంది. కలివికోడి. 1848లో జెర్డాన్ అనే డాక్టర్ దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిపోయిందన్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకుతుంటే, దాన్ని పట్టుకుని చూపించింది ఒక స్థానిక వేటగాడు. రాత్రిపూట, టార్చి వెలుగులో! షైరాస్ ఓజిబ్వే వాళ్ళ దగ్గర నేర్చుకున్న కిటుకూ, మన లంకమల దగ్గర వేటగాడి కిటుకూ ఒకటే. అడవి గురించి అసలు తెలిసినవాళ్ళు ఎవరో ఈ రెండు కథలూ చెప్తాయి.

పోస్టులో తిరిగిన వాట్సాప్ గ్రూప్

ఇక్కడిదాకా చెప్పింది ఒంటరి మనుషుల కథ. మరి క్లబ్బు ఎందుకొచ్చింది?

1899లో ఇంగ్లండ్‌లో జువలాజికల్ ఫొటోగ్రాఫిక్ క్లబ్ అని పెట్టారు. సభ్యులు తలో ఊళ్ళో ఉంటారు. ఒకాయన తన ప్రింట్లు ఒక కట్టలో పెట్టి ఇంకొకాయనకి పోస్టు చేస్తాడు. ఆయన వాటి మీద అభిప్రాయం రాసి, తన ప్రింటు కూడా పెట్టి మూడో మనిషికి పంపుతాడు. కట్ట తిరిగి తిరిగి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వస్తుంది. అప్పటికి ఆ ప్రింటు మీద అందరి కామెంట్లూ ఉంటాయి. అంటే వాట్సాప్ గ్రూపే, కాకపోతే బ్లూటిక్ రావడానికి వారాలు పట్టేది.

కానీ ఒక తేడా ఉంది. మన గ్రూపుల్లో ఫొటో పెడితే ఏమొస్తాయి? 'సూపర్ బ్రో', నాలుగు నిప్పు ఇమోజీలు. వాళ్ళ కట్టలో వచ్చేది ఏంటంటే, 'ఇది ఫలానా పక్షి కాదు, ముక్కు చూడు', 'వెనకాల కొమ్మ తలలోంచి మొలిచినట్టుంది', 'ఈ గూటి దగ్గర కొమ్మలు నువ్వే తప్పించావా?' ఇలా ఉండేది. క్లబ్బు అసలు పని చప్పట్లు కొట్టడం కాదు, తప్పులు పట్టడం.

తర్వాత ఈ క్లబ్బులన్నీ పెద్ద గొడుగుల కిందకి వచ్చాయి. బ్రిటన్‌లో రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ అప్పటికే ఉంది, 1853 నాటిది. అమెరికాలో 1934లో ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఆఫ్ అమెరికా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, 1950లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో బెల్జియం డాక్టర్ మారిస్ వాన్ డి వయ్యర్ చొరవతో ఫియాప్ అనే అంతర్జాతీయ సమాఖ్య పుట్టింది. మూడేళ్ళకే, 1953లో, మన దేశంలో ఫెడరేషన్ ఆఫ్ ఇండియన్ ఫొటోగ్రఫీ వచ్చింది. మన ఊరి క్లబ్బు ఇండియా సమాఖ్యలో, ఇండియా సమాఖ్య ఫియాప్‌లో. అలా గల్లీలో ఉన్న ఒక కుర్రాడి ప్రింటు యూరప్‌లో గోడెక్కే దారి ఏర్పడింది.

మన హైదరాబాద్ పుస్తకం

ఇక్కడ తెలుగువాళ్ళ కాంట్రిబ్యూషన్ ఒకటి చెప్పాలి, చాలామందికి తెలీదు.

భారతదేశ ఫొటోగ్రఫీ చరిత్రని 1840 నుంచి 1980 దాకా ఒక పుస్తకంగా రాసింది డాక్టర్ జి. థామస్. బెంగళూరు ఆయన, ఇండియా సమాఖ్య పనిలో జీవితమంతా గడిపిన మనిషి. ఆ పుస్తకాన్ని 1981లో అచ్చేసింది ఎవరో తెలుసా? హైదరాబాద్‌లోని ఆంధ్రప్రదేశ్ స్టేట్ అకాడమీ ఆఫ్ ఫొటోగ్రఫీ. నిజాం ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ ఊరు కదా అది, తగిన పనే చేసింది.

అంటే 1981 నాటికే మన దగ్గర సంస్థ ఉంది, పుస్తకం వేసే ఓపిక ఉంది. అయినా సౌత్‌లో నేచర్ ఫొటోగ్రఫీ అనగానే అందరి నోటా వచ్చే ఊరు బెంగళూరు. ఎందుకలా?

బెంగళూరు ఎందుకు గెలిచింది?

నాకు మూడు కారణాలు కనిపిస్తాయి.

మొదటిది, గురువులు. ఓ.సి. ఎడ్వర్డ్స్ అని ఒకాయన పక్షుల ఫొటోలు తీసేవారు. ఆయన దగ్గర టి.ఎన్.ఎ. పెరుమాళ్ నేర్చుకున్నారు. తంజావూరు మూలాలున్న పెరుమాళ్, 1932లో పుట్టి 2017లో పోయారు. ఆయన తీసిన ఫొటోలెంత గొప్పవో, ఆయన తయారుచేసిన శిష్యుల లిస్టు అంతకంటే పెద్దది. అదే తరంలో ఇ. హనుమంతరావు. అలాగే సండూరు రాజవంశానికి చెందిన ఎం.వై. ఘోర్పడే, కర్ణాటకకి ఆర్థికమంత్రి చేసి కూడా అడవుల్లో కెమెరా పట్టుకు తిరిగిన మనిషి. 1983లో ఆయన వన్యప్రాణుల పుస్తకం వచ్చింది. సండూరు ఎక్కడో కాదు, మన అనంతపురం పక్కన బళ్ళారి సీమలోనే.

రెండోది, క్రమం తప్పని కూర్పు. 1971లో బెంగళూరులో యూత్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ మొదలైంది. పేరులోనే యూత్. ఇలాంటి క్లబ్బుల్లో జరిగేదేంటంటే, ప్రింట్లు తెచ్చి గోడకి ఆనించడం, అందరూ చూడటం, పెద్దవాళ్ళు మొహమాటం లేకుండా చీల్చి చెండాడటం. ఇందాక చెప్పిన పోస్టు కట్ట పనే, ఎదురెదురుగా కూర్చుని.

మూడోది, పొదుపు. ఇది మన జనరేషన్‌కి ఊహకి కూడా అందదు. ఒక రోల్‌లో 36 ఫ్రేములు. అంతే. కెమెరాలు, మంచి ఫిల్ము దిగుమతి చేసుకోవాలంటే ఆంక్షలు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము దిక్కు. ఇవాళ మీ ఫోన్ బరస్ట్ మోడ్‌లో రెండు మూడు సెకన్లలో 36 ఫొటోలు తీసేస్తుంది. వాళ్ళకి ఆ 36 ఒక ట్రిప్పు మొత్తానికి సరిపోవాలి. కాబట్టి ఏం చేసేవాళ్ళు? ముందు చూసేవాళ్ళు. ఆ పక్షి ఏ కొమ్మ మీదకి వస్తుంది, ఎన్నింటికి వస్తుంది, పిల్లలకి ఏం తెస్తుంది, ఎండ ఎటు పడుతుంది. అదంతా తెలిశాకే క్లిక్కు. సగం ప్రకృతి శాస్త్రం, సగం ఫొటోగ్రఫీ.

ఇంకో సంగతి. ఫియాప్ నిర్వహించే దేశాల పోటీల్లో, క్లబ్బుల పోటీల్లో ఒక్క మనిషి ఫొటోలతో గెలవలేరు. చాలామంది ఫొటోలు కలిపి ఒక సెట్‌గా పంపాలి. దేశాల పోటీలోనైతే సెట్ అంతా ఒకే మాట చెప్తున్నట్టు ఉండాలి, దానికి విడిగా మార్కులు. ఒకడి దగ్గర గొప్ప పులి ఫొటో ఉందనుకోండి, సెట్ అంతా కప్పల మీద అయితే ఆ పులి ఇంట్లో కూర్చోవాల్సిందే. నా ఫొటో పోయినా పర్లేదు, మన సెట్ గెలవాలి అనుకునేవాళ్ళు పదిమంది ఉంటేనే ఆ కప్పు వస్తుంది. కెమెరా కొనడం కంటే కష్టమైన పని అది.

రూలు ఎందుకంత కఠినం?

2014లో ఫియాప్, అమెరికా సొసైటీ, బ్రిటన్ సొసైటీ మూడూ కూర్చుని నేచర్ ఫొటో అంటే ఏంటో ఒకే నిర్వచనం రాసుకున్నాయి. 2015 జనవరి 1 నుంచి అమలు. మన మాటల్లో దాని సారం ఇది.

ప్రకృతి చరిత్రలోని అన్ని శాఖలూ చెల్లుతాయి, మానవ శాస్త్రం, పురావస్తు శాస్త్రం తప్ప. విషయం తెలిసిన మనిషి చూస్తే అదేంటో గుర్తుపట్టగలగాలి, నిజాయితీగా తీశారని నమ్మగలగాలి. అందం కంటే ఫొటో చెప్పే కథకే ఎక్కువ విలువ. మనిషి చేసిన వస్తువులు ఫ్రేములో ఉండకూడదు. ఆ జీవి మనుషుల మధ్య బతకడం అలవాటు చేసుకుని, ఆ వస్తువు కథలో భాగమైతే మాత్రం ఓకే. స్టఫ్ చేసిన జంతువులు, పెంపుడు జంతువులు, మనిషి పండించిన హైబ్రిడ్ మొక్కలు కుదరవు. ఎడిటింగ్‌లో ఏదీ కొత్తగా చేర్చకూడదు, ఉన్నది తీసెయ్యకూడదు. క్రాప్ చేసుకోవచ్చు.

ఇంత పట్టుదల ఎందుకు అంటే, మోసాలు చూసి చూసి విసిగిపోయారు కాబట్టి. లండన్‌లో జరిగే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ సంగతి చూడండి. 1965లో మూడు కేటగిరీలతో, కొన్ని వందల ఎంట్రీలతో మొదలైంది. 2024లో 59 వేలకి పైగా వచ్చాయి. 2009లో టాప్ ప్రైజ్ ఒక తోడేలు గేటు మీంచి దూకే ఫొటోకి ఇచ్చారు. 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. అది శిక్షణ ఇచ్చిన తోడేలు అయి ఉండే అవకాశమే ఎక్కువ అని జడ్జీలు తేల్చారు. 2018లో ఇంకోటి. బ్రెజిల్‌లో రాత్రిపూట చెదపుట్ట దగ్గరికొచ్చిన చీమలబక్షిణి ఫొటో. అది అక్కడి పార్కు గేటు దగ్గర స్టఫ్ చేసి పెట్టిన బొమ్మలా ఉందని నిపుణులు పోల్చి చెప్పారు, బహుమతి రద్దయింది. ఇద్దరు ఫొటోగ్రాఫర్లూ ఆరోపణల్ని ఒప్పుకోలేదు, అది వేరే విషయం. కానీ ఆ మెడల్స్ పోయాయి.

ఇవి పెద్ద కేసులు. చిన్నవి మన చుట్టూ కూడా ఉంటాయి. ఫొటో కోసం గూటి చుట్టూ ఆకులు కత్తిరిస్తారు. అప్పుడేమవుతుంది? ఎండ నేరుగా పిల్లల మీద పడుతుంది, కాకికి గూడు కనపడిపోతుంది. ఫొటో బాగుంటుంది, పిల్లలు చచ్చిపోతాయి. మన 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో 'వేట' అనే మాటకి నిర్వచనం చదవండి. అందులో పక్షుల గూళ్ళని, గుడ్లని కదిలించడం కూడా ఉంది. అంటే చట్టం దృష్టిలో అది వేటే. షైరాస్ తుపాకీ దించి కెమెరా ఎత్తాడని ఇందాక చెప్పుకున్నాం. మెడల్ పిచ్చి పడితే, కెమెరానే మళ్ళీ తుపాకీ అవుతుంది. అందుకే ఇప్పుడు చాలా పోటీలు, గ్రూపులు గూటి ఫొటోలు అసలు తీసుకోవట్లేదు.

ఇంకో జబ్బు, పేరు వెనక అక్షరాలు. ఫియాప్ వాళ్ళు ఏఫియాప్, ఈఫియాప్ అని గౌరవాలిస్తారు. ఎన్ని సలాన్లలో ఎన్ని ఫొటోలు ఎంపికయ్యాయో లెక్క. కష్టపడి తెచ్చుకున్నవాళ్ళకి నమస్కారం. కానీ ఎంట్రీ ఫీజులు కట్టుకుంటూ అవే నాలుగు ఫొటోల్ని ఊరూరా తిప్పడమే హాబీ అయిపోతే, కొత్తగా చూడటం ఆగిపోతుంది.

గెలిచిన ఫొటోలు ఏం చెప్తున్నాయి?

2016లో అదే లండన్ పోటీలో పక్షుల విభాగం గెలిచింది బెంగళూరుకి చెందిన గణేష్ హెచ్. శంకర్. ఫొటోలో ఏముంది? రామచిలకలు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి! వాటి చెట్టుతొర్రలో ఒక ఉడుము దూరింది, ఆ చిలకలు దాని తోక కొరికి బయటికి లాగాలని చూస్తున్నాయి. తీసింది రాజస్థాన్‌లోని కేవలదేవ్ పార్కులో. చిలకా, ఉడుమూ మన దగ్గర లేవా? ఉన్నాయి. చూసే ఓపికే కావాలి.

2021లో యంగ్ వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ టైటిల్ బెంగళూరు పిల్లాడు విద్యున్ హెబ్బార్‌కి వచ్చింది. పదేళ్ళ వాడు. తీసింది గోడ సందులో ఒక సాలీడు. వెనక ఇంద్రధనుస్సులా రంగులు. అవేంటనుకున్నారు? అటుగా వెళ్ళిన ఆటోరిక్షా! ఆఫ్రికా సఫారీ లేదు, లక్షల లెన్సు కథ కాదు. గోడ, సాలీడు, ఆటో. ఈ మూడూ మన బెంజి సర్కిల్ దగ్గర కూడా దొరుకుతాయి.

మరి కొండపల్లి?

మన కృష్ణా డెల్టా చూడండి. ఒకవైపు కొల్లేరు, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. ఆటపాకలో గూడబాతులు, అదే పెలికాన్లు. ఇంకోవైపు సముద్రం దగ్గర కృష్ణా అభయారణ్యం, మడ అడవుల్లో బావురుపిల్లి, పేపర్లో ఫిషింగ్ క్యాట్ అని రాస్తారే, అది. మధ్యలో విజయవాడకి కూతవేటు దూరంలో కొండపల్లి కొండల అడవి. పొలాలు, రోడ్లు, ఫ్యాక్టరీలు నిండిన ఈ ప్రాంతంలో మిగిలిన అడవి ముక్క. పక్కనే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగ గొట్టాలు. 2021లో ఈ అడవి పేరు వార్తల్లో మోగింది, గ్రావెల్ తవ్వకాల వివాదంతో.

అక్కడ పెరిగే తెల్లపొణికి లేకపోతే కొండపల్లి బొమ్మ లేదు. తేలిగ్గా, మెత్తగా చెక్కుడికి లొంగే కర్ర. భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. ఆ చెట్లు తగ్గిపోతున్నాయని బొమ్మలు చేసేవాళ్ళు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు.

ఇప్పుడు పజిల్‌కి జవాబులు. నెమలి, కోట గోడ: నెమలి అక్కడ తిరగడానికి అలవాటు పడిందని, గోడ దాని కథలో భాగమని జడ్జి నమ్మితే నిలబడుతుంది. గోడే హీరో అయిపోతే పోతుంది. బొమ్మ: ఎంత అందంగా తీసినా నేచర్‌లో చెల్లదు, మనిషి చేసిన వస్తువు. తెల్లపొణికి చెట్టు: నిక్షేపంలా చెల్లుతుంది. తమాషా ఏంటంటే, మనందరి ఫోన్లలో కోట ఉంది, బొమ్మ ఉంది. చెట్టు ఎవరి ఫోన్‌లో ఉంది?

పదిమంది కుర్రాళ్ళు కలిసి ఒక ఏడాది పాటు ఆ చెట్టు ఆకు రాలడం, చిగురేయడం, పూత, కాయ, దాని మీదకొచ్చే పురుగు, ఆ పురుగు కోసం వచ్చే పిట్ట, ఇవన్నీ తీశారనుకోండి. ఒకే మాట చెప్పే సెట్ అంటే అదే. రిజర్వ్ ఫారెస్ట్ కాబట్టి లోపలికి అటవీ శాఖ అనుమతితోనే వెళ్ళండి. గూళ్ళ జోలికి పోవద్దు. అరుదైన జీవి కనపడితే ఫోన్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేసి పోస్ట్ చేయండి, వేటగాళ్ళు కూడా ఇన్‌స్టా చూస్తారు. తారీఖు, టైము మాత్రం రాసి పెట్టుకోండి. కప్పు వస్తే సంతోషం. రాకపోయినా, రేపు ఎవరైనా 'అక్కడ ఏముంది, వట్టి గుట్టే కదా' అన్నప్పుడు, ఏముందో చూపించడానికి తారీఖులతో సహా మీ దగ్గర రుజువు ఉంటుంది.

మీ ఊళ్ళో అలాంటి చెట్టో, చెరువో, పిట్టో ఏముందో కామెంట్లలో చెప్పండి. 'సూపర్ బ్రో' ఒద్దు, పేరు రాయండి, ఏ నెలలో కనపడిందో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.